ఎనిమిది ఔట్లు: సియాటిల్ మారినర్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

బోథెల్, వాషింగ్టన్ రాష్ట్రం
నవంబర్ 2025

సియాటిల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్ యజమానుల ఛైర్మన్ జాన్ స్టాంటన్ గారికి, జట్టును కూర్చే బాధ్యత చూస్తున్న జెర్రీ డిపోటో గారికి,

నమస్కారం.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. ఈ చలికాలం చేతులు ముడుచుకుని కూర్చోకండి. జులైలో ఎలా తెగించి ఆటగాళ్ళని తెచ్చారో ఇప్పుడూ అలాగే తెగించండి. అప్పుడు తెచ్చిన జాష్ నేలర్‌ని వదులుకోకండి. ఏటా చివర్లో జరిగే ఫైనల్, వరల్డ్ సిరీస్, గుమ్మం దాకా వెళ్ళిన జట్టును విడగొట్టి, మళ్ళీ మమ్మల్ని ఓపిక పట్టమనకండి.

అక్టోబర్ 20 రాత్రి టొరంటోలో, ఆ ఊరి జట్టుతో సెమీఫైనల్ లాంటి సిరీస్ ఏడో ఆటలో, తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏడోది సగం దాకా 3-1తో మనమే ముందున్నాం. ఇంకో ఎనిమిది ఔట్లు తీస్తే చాలు, మారినర్స్ చరిత్రలో మొట్టమొదటి వరల్డ్ సిరీస్. అప్పుడే టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి ఎడమవైపు స్టాండ్స్‌లో పడింది. మూడు పరుగులు. 4-3. ఆ తర్వాత మనకి ఒక్క పరుగూ రాలేదు. మన చివరి బ్యాటర్ హూలియో రోడ్రిగెజ్ స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైక్‌లు పడి ఔట్, అయ్యాడు. మీరూ ఆ రాత్రి నిద్రపోయి ఉండరని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నది కాదు.

ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, రెడ్మండ్, సమామిష్, ఇస్సక్వా, బోథెల్ నుంచి మీ స్టేడియానికి వచ్చేవాళ్ళలో మా తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేమీ లేరు. చాలామంది ఈ సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే మొదటిసారి ఈ ఆటని కుదురుగా చూశారు. మన జట్టు ఆటగాడు కాల్ రాలీ పేరున్న నీలం టీషర్టులు మా పిల్లల ఒంటిమీదకి వచ్చింది ఈ ఏడే. వీళ్ళు వచ్చే వేసవిలోనూ ఉంటారా, మళ్ళీ ఐపీఎల్‌కీ మేజర్ లీగ్ క్రికెట్‌కీ వెళ్ళిపోతారా అన్నది ఈ నాలుగు నెలల్లో మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. వాళ్ళకి ఈ జట్టు వెనకటి కథ తెలియాలి. మీకు వాళ్ళ సంగతి తెలియాలి.

మా వాళ్ళ కోసం ఆ కథ క్లుప్తంగా చెబుతాను, మీకు తెలిసిందే అయినా. మారినర్స్ జట్టు 1977లో పుట్టింది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఉన్న 30 జట్లలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడనిది మనదొక్కటే. గెలవకపోవడం సంగతి తర్వాత, అసలు ఆడనే లేదు. 1995లో జట్టు ఊరు విడిచిపోయే పరిస్థితి వచ్చింది. కొత్త స్టేడియం పన్నుకి ఆ సెప్టెంబర్‌లో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఓటర్లు కొద్ది తేడాతో కాదన్నారు. అక్టోబర్ 8న ఎడ్గర్ మార్టినెజ్ 11వ ఇన్నింగ్స్‌లో కొట్టిన డబుల్‌కి (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) మన కెన్ గ్రిఫీ జూనియర్ మొదటి బేస్ నుంచి ఒక్క పరుగున ఇంటికి, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, వచ్చి న్యూయార్క్ యాంకీస్‌ని ఓడించాడు. అదే నెలలో రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై స్టేడియానికి డబ్బు దారి చూపింది. మీరు ఇవాళ కూర్చునే ఆఫీసు, మేం కూర్చునే కుర్చీలు, ఆ డబుల్ వల్ల వచ్చినవే అని ఇక్కడి పాతవాళ్ళు నమ్ముతారు. వాళ్ళ నమ్మకం తప్పని నేననలేను.

2001లో 116 ఆటలు గెలిచాం. 1906లో షికాగో కబ్స్ గెలిచినన్ని. జపాన్ నుంచి వచ్చిన ఇచీరోకి ఇక్కడ మొదటి ఏడు అది. అయినా యాంకీస్ చేతిలో పోయాం. ఆ తర్వాత వరసగా 20 సీజన్లు ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత జరిగే నాకౌట్ దశ) ముఖం చూడలేదు. 2022 సెప్టెంబర్ 30న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కాల్ రాలీ హోమ్ రన్‌తో (బంతిని గోడ దాటించే దెబ్బ) ఆ కరువు తీరింది. 2023లో ఒక్క ఆట తేడాతో బయటే ఉండిపోయాం. 2024లో జూన్ మధ్యలో పది ఆటల ఆధిక్యం ఉండి కూడా దాన్ని పోగొట్టుకుని మళ్ళీ ఒక్క ఆట తేడాతోనే బయటపడ్డాం.

డిపోటో గారూ, ఇక్కడ మీ పేరు ఎత్తక తప్పదు. 2023 సీజన్ ముగిశాక విలేకరుల ముందు మీరొక లెక్క చెప్పారు. పదేళ్ళ పాటు సగటున 54 శాతం ఆటలు గెలిస్తే చాలు, అదే వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్తుందన్నారు. అభిమానులని ఓపిక పట్టమని అడగడం వాళ్ళకి మేలు చేయడమేనన్న అర్థంలో కూడా మాట్లాడారు. తర్వాత క్షమాపణ చెప్పారు. మనస్ఫూర్తిగానే చెప్పారని అనుకుంటున్నాను. అంకెలు చూస్తే మీ లెక్క మరీ తప్పు కూడా కాదు. ఈ ఏడు మనం గెలిచింది 90, ఓడింది 72. అంటే 55 శాతం పైనే.

కానీ ఆ లెక్కని మా వరసలో కూర్చునే ఒక పెద్దావిడకి చెప్పి చూడండి. మూడో అంతస్తులో, మూడో బేస్ వైపు, మా సీట్లకి రెండు సీట్ల అవతల ఉంటుంది. 1977లో పాత స్టేడియం కింగ్‌డోమ్‌లో మొదటి సీజన్ నుంచీ చూస్తోంది. ఆవిడకి ఫోన్‌లో స్కోరు చూసే అలవాటు లేదు. ఒళ్ళో చిన్న అట్ట, దానిమీద స్కోర్‌కార్డు, చెవి వెనక పెన్సిల్. ఎవరు ఎలా ఔటయ్యారో ప్రతి గడిలోనూ రాసుకుంటుంది. బంతి రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ చేతికి, అక్కణ్ణుంచి రెండో బేస్‌కి, అక్కణ్ణుంచి మొదటి బేస్‌కి వెళ్ళి ఒకే దెబ్బకి ఇద్దరు ఔటైతే, ఆ ముగ్గురి స్థానాల అంకెలతో 6-4-3 అని రాస్తుంది. బ్యాట్ ఊపి మూడో స్ట్రైక్ అయితే మామూలు ఇంగ్లీషు అక్షరం కె, చూస్తూ నిలబడిపోతే తిరగేసిన కె. మా అమ్మాయికి ఇదంతా నేర్పింది ఆవిడే. తొమ్మిదో ఎక్కం రాక ఏడ్చే పిల్ల, ఆవిడ పక్కన కూర్చుని రెండు జట్ల లెక్కా తప్పు లేకుండా రాస్తుంది.

ఆవిడ చూసినవి 49 సీజన్లు. అలాంటి మనిషికి పదేళ్ళ సగటు గురించి ఏం చెబుతారు?

రోజూ వెంట నడిచేవాళ్ళ సంగతి వేరని మీకు చెప్పాలనే ఇదంతా. క్రికెట్‌లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచ్‌లు. ఇక్కడ మార్చి చివర మొదలైతే సెప్టెంబర్ చివరిదాకా 162. నెలలో నాలుగైదు రోజులు తప్ప రోజూ ఆటే. 116 గెలిచిన జట్టు కూడా 46 సార్లు ఓడింది. అందుకని ఈ ఆట అభిమానికి పండగలా రాదు, కాపురంలా సాగుతుంది. ఓడిన మర్నాడు కూడా సాయంత్రం 6:40కి మళ్ళీ మొదలు. అప్పుడు మా ఊరు తెనాలిలో పొద్దున్న 7:10. మా నాన్న కాఫీ తాగుతూ ఫోన్‌లో స్కోరు చూస్తాడు. ఆయన బేస్‌బాల్ గ్రౌండు కళ్ళతో చూడలేదు. అయినా వాట్సాప్‌లో మొదటి ప్రశ్న మాత్రం "రాలీ కొట్టాడా?" అనే.

మన జట్టు తూర్పు ఊళ్ళలో ఆడేటప్పుడు ఇక్కడ సాయంత్రం నాలుగింటికే ఆట మొదలవుతుంది. ఆఫీసు నుంచి 405 హైవే మీద ట్రాఫిక్‌లో వస్తూ 710 ఏఎం రేడియోలో వ్యాఖ్యాత రిక్ రిజ్ గొంతు వింటూ ఉంటాను. బంతి గోడ దాటగానే "గుడ్‌బై బేస్‌బాల్" అని ఆయన అనే తీరు మా అమ్మాయికి కంఠతా వచ్చు. ఆయనకి ముందు డేవ్ నీహౌస్ గొంతు ఈ ఊరివాళ్ళకి ఇలాగే ఇంటిమనిషి గొంతట. నేను వచ్చేసరికే ఆయన పోయారు. స్టేడియంలో మైకు ముందు కూర్చున్న ఆయన విగ్రహం పక్కన జనం ఆగి ఫోటోలు దిగుతుంటే ఆ గొంతు ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

ఇక ఈ సీజన్. ఏప్రిల్ మొదట్లోనే మన ఫీల్డర్ విక్టర్ రోబ్లెస్ శాన్ ఫ్రాన్సిస్కోలో బంతి వెంటపడి గోడ దగ్గర వలలోకి పోయి భుజం ఎముక తప్పి గాయపడ్డాడు. బంతి వేసే పిచర్ జార్జ్ కర్బీ గాయంతో సీజన్ మొదట్లో లేనే లేడు. మరో పిచర్ లోగన్ గిల్బర్ట్ కూడా కొన్నాళ్ళు దూరమయ్యాడు. పిచింగ్‌తోనే బతికే జట్టుకి అదొక పెద్ద దెబ్బ. ఏప్రిల్ రాత్రుల్లో మన స్టేడియంలో చలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైకప్పు మూసినా పక్కలు తెరిచే ఉంటాయి. సముద్రం మీంచి వచ్చే తేమగాలికి మంచి దెబ్బ కూడా గోడ ముందే చచ్చి పడుతుంది. పక్కనే రైలు పట్టాలు. సరిగ్గా బ్యాటర్ సిద్ధమయ్యే వేళకి గూడ్సు బండి కూత. రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చునే ఆ ఆటలంటే నాకు అక్టోబర్ ఆటలకన్నా తక్కువ ఇష్టమేం కాదు.

అలాంటి గాలిలో, అదీ క్యాచర్ పని చేస్తూ, కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. మా వాళ్ళ కోసం క్యాచర్ పనేంటో ఒక మాట చెప్పాలి. వికెట్ కీపర్‌లా వెనక ఉంటాడు కానీ ప్రతి బంతికీ గొంతుక్కూర్చుని ఉంటాడు. గంటకి 95 మైళ్ళ పైన వచ్చే బంతులు పట్టాలి, ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి చెప్పాలి, తప్పిన బంతులు మోకాళ్ళకీ మెడకీ తగిలితే ఓర్చుకోవాలి. ఆ పని చేసినవాళ్ళలో ఒక సీజన్‌లో ఎక్కువ హోమ్ రన్లు 48. 2021లో కాన్సస్ సిటీ క్యాచర్ సాల్వడార్ పెరెజ్ కొట్టాడు. రాలీ దాన్ని దాటాడు. కుడిచేత్తోనూ ఎడమచేత్తోనూ ఆడేవాళ్ళలో 1961లో మికీ మాంటిల్ కొట్టిన 54ని దాటాడు. గ్రిఫీ పేరు మీదున్న మారినర్స్ రికార్డు 56ని కూడా దాటాడు. ఒక సీజన్‌లో 60 అందుకున్నవాళ్ళు మొత్తం ఆటచరిత్రలో ఇతనితో కలిపి ఏడుగురే. జులైలో అట్లాంటాలో హోమ్ రన్లు కొట్టే పోటీ, హోమ్ రన్ డెర్బీ, గెలిచినప్పుడు బంతులు వేసింది వాళ్ళ నాన్న, వెనక పట్టింది తమ్ముడు. అది చూసి తెనాలి నుంచి మా నాన్న ఫోన్ చేశాడు. ఆటల గురించి ఆయన తనంతట తాను ఫోన్ చేయడం అరుదు.

ఇదే కాల్ రాలీ 2023 సీజన్ చివర్లో ఒక మాట పైకి అన్నాడు. మిగతా జట్లు గెలవడానికి ఖర్చు పెడుతున్నాయి, మనం కూడా పెట్టాలని. ఆ జులైలోనే మీరు క్లోజర్, అంటే ఆట చివర్లో బంతి వేసే పిచర్, పాల్ సీవాల్డ్‌ని అరిజోనాకి ఇచ్చేశారు, ఆ ఏడే అరిజోనా వరల్డ్ సిరీస్‌కి వెళ్ళింది. తర్వాత రాలీ తన మాటకి నొచ్చుకున్నాడు. నా దృష్టిలో ఆ కుర్రవాడు క్షమాపణ చెప్పాల్సిన అవసరమే లేదు. మీరూ అది మనసులో పెట్టుకోలేదు. ఈ మార్చిలో ఆరేళ్ళకి 10.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. మీరు చేసిన మంచి పనుల్లో అది మొదటిది. దానికి ఎంత ఫలం వచ్చిందో చూశారుగా.

రెండోది జులై చివరి వారం. అరిజోనా నుంచి ముందు నేలర్‌ని, వారం తిరక్కుండా యూజెనియో స్వారెజ్‌ని తెచ్చారు. ఆ రాత్రి మా తెలుగు ఫ్రెండ్స్ గ్రూపులో, ఎప్పుడూ క్రికెట్ తప్ప మాట్లాడనివాళ్ళు కూడా "ఈసారి నిజంగానే ఆడాలనుకుంటున్నారు" అని రాశారు. నేలర్‌లో నాకు నచ్చింది బ్యాటింగ్ ఒక్కటే కాదు. లీగ్‌లో అతి నెమ్మదిగా పరుగెత్తేవాళ్ళలో అతనొకడు. అయినా ఇక్కడికొచ్చాక 19 సార్లు బేస్ స్టీల్ చేశాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరాడు, ఒక్కసారీ దొరకలేదు. పిచర్ కాలు ఎప్పుడు కదుపుతాడో, ఏ బంతికి క్యాచర్ ఏమరుపాటుగా ఉంటాడో కనిపెట్టి పరుగెత్తడమే. తెలివీ ధైర్యమూ ఉంటే ఒళ్ళు సహకరించకపోయినా ఏం చేయొచ్చో మా పిల్లలకి చూపించడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ అతను.

ఆగస్టు మాట తొందరగా ముగిస్తాను. ఇచీరో గొప్ప ఆటగాళ్ళ పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళొచ్చాక 9వ తేదీన మన స్టేడియంలో ఆయన చొక్కా మీది 51 నంబరుని ఆయన పేర శాశ్వతంగా పక్కన పెట్టారు. ఆ సాయంత్రం చాలా బాగుంది. ఆ వెంటనే తూర్పు ప్రయాణంలో తొమ్మిది ఆటల్లో ఏడు ఓడాం. మళ్ళీ అదే కథ అనుకున్నాం.

సెప్టెంబర్‌లో ఏదో మారింది. ఎవరో అభిమాని ఆన్‌లైన్‌లో ఒక మంత్రగత్తెకి డబ్బిచ్చి జట్టు కోసం మంత్రం వేయించాడని వార్త పాకింది. స్టాండ్స్‌లో అట్టముక్కల మీద ఆ మంత్రగత్తెకి దండాలు రాసి పట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ వారమంతా మా ఆవిడ ఆట మొదలయ్యే ముందు టీవీకి ఉప్పుతో దిష్టి తీసింది. 18 ఆటల్లో 17 గెలిచాం. హ్యూస్టన్ వెళ్ళి, ఇన్నేళ్ళుగా మనల్ని కాల్చుకుతిన్న ఆస్ట్రోస్‌ని వాళ్ళ ఊళ్ళోనే మూడుకి మూడు ఆటలూ ఓడించాం. అందులో రెండో ఆట చివర్లో, ఏప్రిల్‌లో భుజం ఎముక తప్పిన అదే రోబ్లెస్ ముందుకు దూకి బంతి నేలకి తాకకముందే పట్టి, లేస్తూనే రెండో బేస్‌కి విసిరి ఆట ముగించాడు. సెప్టెంబర్ 24న రాలీ 60వది కొట్టాడు, అదే రాత్రి 2001 తర్వాత మొదటిసారి మన డివిజన్‌లో మొదటి స్థానం మనదైంది.

ఇక అక్టోబర్ 10. దాని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌తో అయిదో ఆట, ఓడితే ఇంటికే. సాయంత్రం అయిదు దాటాక మొదలైంది. వాళ్ళ పిచర్ టరిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఎదుటివాడైనా అంత గొప్పగా వేస్తుంటే చూడ్డం అదృష్టమే. ఏడో ఇన్నింగ్స్‌లో 2-1తో వెనకబడి ఉన్నప్పుడు లియో రివాస్ అనే కుర్రవాడు బెంచీ మీంచి లేచొచ్చి సింగిల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ రోజు అతని 28వ పుట్టినరోజు. అక్కణ్ణుంచి రెండు జట్లకీ సున్నాలే. సమంగా ఉంటే ఆట ఆగదు. 10, 11, 12 ఇన్నింగ్స్. ఎవరి పేరూ తెలియని జనం ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. మా ముందు వరసలో ఒకాయన 13వ ఇన్నింగ్స్ నుంచి గ్రౌండుకి వీపు పెట్టి నిలబడ్డాడు, చూసే ధైర్యం లేక. చేతికి గ్లవ్ అలాగే ఉండగా ఒక పిల్లాడు వాళ్ళమ్మ భుజమ్మీద నిద్రపోయాడు. పెద్దావిడ స్కోర్‌కార్డులో గడులు అయిపోయాయి. కాగితం తిప్పి, వెనకవైపు చేత్తో గీతలు గీసుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. గీతలు గియ్యడానికి మా అమ్మాయి తన స్కేలు ఇచ్చింది.

మొదటి బంతి నుంచి వేయడానికి అలవాటుపడ్డ గిల్బర్ట్, లూయిస్ కస్టీయో ఆ రాత్రి, ఆట మధ్యలో వచ్చే పిచర్లు వేచి ఉండే బుల్‌పెన్‌లోంచి పరుగెత్తుకొచ్చారు. 15వ ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండాక హోర్హే పొలాంకో కుడివైపుకి కొట్టాడు. జె.పి. క్రాఫర్డ్ ఇంటికొచ్చాడు. 3-2. నాలుగు గంటల 58 నిమిషాలు. గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి అనే ఆటల్లో ఇంత పొడవైనది అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నేను కూర్చున్న కాంక్రీటు వణికిన సంగతి నిజం. అలంకారం కోసం అనడం లేదు, కాళ్ళకి తెలిసింది.

ఆ పొలాంకోని మీరు పోయిన చలికాలం 77.5 లక్షల డాలర్లకి తిరిగి తీసుకున్నారు. అంతకుముందు ఏడు అతను మోకాలి నొప్పితో సరిగా ఆడలేకపోయాడు కాబట్టి చవగ్గా దొరికాడు. ఈసారి అలా దొరకడు. దొరకాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

టొరంటో సిరీస్ గురించి మీకు చెప్పాల్సింది తక్కువ. అక్కడ రెండు గెలిచి, ఇక్కడ రెండు ఓడి, అయిదో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముందు రాలీ సమం చేస్తే తర్వాత స్వారెజ్ గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టి గెలిపించాడు. ఏడో ఆటలో క్లోజర్ ఆండ్రెస్ మున్యోజ్ ఉండగా స్ప్రింగర్‌కి బంతి వేయడానికి ఎడ్వార్డ్ బజార్డోని ఎందుకు పంపారని మేనేజర్ డ్యాన్ విల్సన్‌ని ఇంకా తిడుతూనే ఉన్నారు. నేను తిట్టను. బజార్డో ఏడాదంతా మోసినవాడు. స్ప్రింగర్ అలాంటి బంతుల్నే కెరీర్ అంతా కొట్టినవాడు. నా బాధ వేరు. ఆ క్షణంలో విల్సన్ చేతిలో నమ్మకంగా పంపడానికి ఇంకో ఇద్దరు ఉండాల్సింది. జులైలో ఇద్దరు బ్యాటర్లని తెచ్చినప్పుడు పెద్ద రిలీవర్ని (ఆట మధ్యలో వచ్చి వేసే పిచర్ని) కూడా తెచ్చి ఉంటే అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ ప్రశ్నకి జవాబు ఈ చలికాలంలోనే ఇవ్వండి.

ఓడాక డ్రెస్సింగ్ రూమ్‌లో కళ్ళు ఎర్రగా ఉన్న రాలీ, ఆ మాట వాడటం ఇష్టం లేదంటూనే, ఇది వైఫల్యమే అన్నాడు. 60 హోమ్ రన్లు కొట్టినవాడు అలా అంటున్నాడు. ఆటగాడి కొలత అది. యాజమాన్యం కొలత 54 శాతం దగ్గర ఉండకూడదు.

మీరు ఏమీ చేయలేదని నేననడం లేదు. రాలీ 2018లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ మూడో రౌండులో దొరికినవాడు. పిచర్లు గిల్బర్ట్, కర్బీ, వూ, వీళ్ళంతా మీరు ఎంచి పెంచినవాళ్ళే. హూలియోని కుర్రతనంలోనే గుర్తించారు. ఇంత మంచి పిచింగ్‌ని సొంతంగా పండించుకున్న జట్లు లీగ్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఈ పిచర్లు చవగ్గా దొరికే ఏళ్ళు అయిపోతున్నాయి. ఒక్కొక్కరి ఒప్పందాలూ దగ్గరపడుతున్నాయి, భుజాలు అరుగుతున్నాయి. పంట ఇంట్లో ఉన్నప్పుడే పెళ్ళి చేయాలంటారు మా వైపు. ఆ ఏడు ఇదే.

2016లో మీరు ఈ జట్టుని నింటెండో చేతుల్లోంచి తీసుకున్నప్పుడు దాని విలువ 140 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. ఇప్పుడు అంతకన్నా ఎక్కువేగానీ తక్కువ కాదు. ఆ విలువ పెంచినవాళ్ళలో ఏప్రిల్ చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. అందుకే ఇంకో రెండు విషయాలు కూడా అడుగుతున్నాను. అక్టోబర్‌లో చూసిన జనాన్ని చూసి మూడో అంతస్తు టికెట్ల ధర అమాంతం పెంచకండి. పై వరసల్లో నలుగురు మనుషుల కుటుంబం నెలకి రెండుసార్లు రాగలిగితేనే స్కేలు పట్టుకున్న పిల్లలు తయారవుతారు. రెండు, రేడియోని ముట్టుకోకండి. టీవీ ప్రసారం చేతులు మారుతోందని విన్నాం, ఎవరు చూపించినా చూస్తాం. కానీ కారులో, వంటింట్లో, రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ళకి ఆట ఉచితంగా చేరేది రేడియో మీదే. దాన్ని ఏ యాప్ వెనకా పెట్టి తాళం వేయకండి.

ఒప్పందం ముగిసిన నేలర్ ఈ వారం నుంచే ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చు. పొలాంకో, స్వారెజ్ కూడా. ముగ్గురినీ ఉంచుకోవడం సాధ్యం కాకపోవచ్చు, అది నాకు అర్థమవుతుంది. నేలర్ మాత్రం పోకూడదు. మొదటి బేస్‌లో రాలీ వెనక బ్యాటింగ్‌కి అలాంటివాడు లేకపోతే వచ్చే ఏడు రాలీకి కొట్టడానికి ఒక్క మంచి బంతి వేయరు, ఊరికే మొదటి బేస్‌కి నడిపించి పంపేస్తారు. మిగతా ఇద్దరిలో ఒకరు వెళ్తే, వాళ్ళ స్థానంలో ఎవరిని తెస్తున్నారో జనవరిలోగా చెప్పండి. ఫిబ్రవరి మధ్యలో అరిజోనా రాష్ట్రం పియోరియాలో ప్రాక్టీసు మొదలయ్యాక కాదు.

మా టికెట్లు మేం రెన్యూ చేసుకున్నాం. పెద్దావిడ కూడా చేసుకుందట.

ఇట్లు,
మారినర్స్ అభిమాని,
మూడో అంతస్తు, మూడో బేస్ వైపు